సెప్సిస్ రోగి కోలుకునే అవకాశాన్ని రక్తపరీక్షలతో అంచనా వేయడం ఎలా?

ఐసీయూలో సెప్సిస్‌తో, అంటే ఇన్ఫెక్షన్ ముదిరి అవయవాలను దెబ్బతీసే స్థితితో, ఉన్న రోగికి ఒక్క రోజులోనే పదుల సంఖ్యలో రక్తపరీక్షల ఫలితాలు వస్తాయి. వాటిలో కొన్ని ఇన్ఫెక్షన్ ఉందో లేదో తేల్చుకోవడానికి, కొన్ని ఏ అవయవం ఎంత దెబ్బతిందో తెలుసుకోవడానికి, మరికొన్ని రోగి బతికి బయటపడే అవకాశం ఎంతో అంచనా కట్టడానికి ఉపయోగపడతాయి. ఈ మూడూ వేర్వేరు పనులు. ఒకదానికి బాగా పనికొచ్చే పరీక్ష మరొకదానికి అక్కరకు రాకపోవచ్చు. ఐసీయూలో కొత్తగా విధుల్లో చేరిన వైద్యులను, నర్సులను దృష్టిలో పెట్టుకుని, మూడో పని కోసం ఈ అంకెలను ఏ వరుసలో, ఏ జాగ్రత్తలతో చదవాలో ఇక్కడ వివరిస్తున్నాను.

సెప్సిస్‌లో పరిశీలించిన రక్త సూచికలను లెక్కగట్టిన ఒక సమీక్ష 2010లో 178 సూచికలను గుర్తించింది. పదేళ్ల తర్వాత, 2020లో, అదే సమీక్షను తాజాగా చేసినప్పుడు ఆ సంఖ్య 258కి చేరింది. ఇన్ని సూచికల కోసం ఇంకా వెతుకుతున్నారంటేనే, ఏ ఒక్కటీ ఒంటరిగా సరిపోవడం లేదని తెలుస్తోంది. అందువల్ల కొత్త సూచిక కోసం లేబొరేటరీకి ఫోన్ చేసే ముందు, కేస్ షీట్‌లో ఇప్పటికే ఉన్న మామూలు పరీక్షలను పూర్తిగా చదివామా అని చూసుకోవాలి.

మొదట సోఫా స్కోరు

2016లో ప్రకటించిన నిర్వచనం ప్రకారం, ఇన్ఫెక్షన్‌కు శరీరం అదుపు తప్పి స్పందించడం వల్ల అవయవాలు ప్రాణాపాయ స్థాయిలో దెబ్బతినడమే సెప్సిస్. ఇన్ఫెక్షన్ వల్ల సోఫా స్కోరు (అవయవాలు ఎంత దెబ్బతిన్నాయో పాయింట్లలో చెప్పే లెక్క) 2 లేదా అంతకంటే ఎక్కువ పాయింట్లు పెరిగితే సెప్సిస్‌గా పరిగణిస్తారు. ఆ స్థాయిలో ఆసుపత్రిలో మరణించే ముప్పు సుమారు 10 శాతం ఉంటుంది. తగినంత సెలైన్ ఎక్కించిన తర్వాత కూడా సగటు ధమని రక్తపోటును 65 వద్ద నిలపడానికి మందు అవసరమవుతూ, లాక్టేట్ (కణాలు గ్లూకోజును వాడుకునేటప్పుడు తయారయ్యే పదార్థం) లీటరుకు 2 మిల్లీమోల్‌లు దాటి ఉంటే అది సెప్టిక్ షాక్. అప్పుడు ముప్పు 40 శాతం పైబడుతుంది. రోగి ఈ రెంటిలో ఏ కోవకు చెందుతారో ముందుగా తేల్చుకోకుండా చదివే ఏ అంకెకూ ఆధారం ఉండదు.

సోఫా స్కోరు ఆరు వ్యవస్థలను చూస్తుంది: శ్వాస, రక్తం గడ్డకట్టే తీరు, కాలేయం, రక్తప్రసరణ, మెదడు, మూత్రపిండాలు. వీటిలో ప్లేట్‌లెట్లు, బిలిరుబిన్, క్రియాటినిన్ నేరుగా రక్తపరీక్షలు; శ్వాసకు సంబంధించిన పాయింట్లకు కూడా ధమని రక్తంలోని ఆక్సిజన్ కొలత కావాలి. ప్లేట్‌లెట్లు లక్షన్నర కంటే తగ్గితే 1 పాయింటు, లక్ష కంటే తగ్గితే 2, యాభై వేల కంటే తగ్గితే 3, ఇరవై వేల కంటే తగ్గితే 4. బిలిరుబిన్ డెసిలీటరుకు 1.2 మిల్లీగ్రాములకు చేరినప్పుడు మొదటి పాయింటు పడి, 12కు చేరినప్పుడు నాలుగో పాయింటు పడుతుంది. క్రియాటినిన్‌కు కూడా మొదటి మెట్టు 1.2, నాలుగో మెట్టు 5.

ఇక్కడ తరచుగా జరిగే పొరపాటు ఒకటుంది. స్కోరులో లెక్కకు వచ్చేది పెరుగుదల మాత్రమే. ఏళ్ల తరబడి మూత్రపిండాల జబ్బుతో ఉండి క్రియాటినిన్ ఎప్పుడూ 3 ఉండే మనిషికి ఇప్పుడు 3.2 ఉంటే, మూత్రపిండాల వైపు నుంచి కొత్తగా చేరిన నష్టం దాదాపు లేనట్టే. పాత రిపోర్టులు ఉన్నాయేమో ఇంట్లోవాళ్లను అడిగి తెప్పించుకోవడం ఐదు నిమిషాల పని, కానీ అంచనా మొత్తాన్ని మార్చేస్తుంది. క్రియాటినిన్‌తో మరో చిక్కు కూడా ఉంది. లీటర్లకొద్దీ సెలైన్ ఎక్కినప్పుడు అది పలచబడుతుంది. చాలా రోజులు మంచంలో ఉండి కండ కరిగిపోయిన రోగిలో ఉత్పత్తే తగ్గుతుంది. డయాలసిస్ మొదలైన తర్వాత అది మూత్రపిండాల గురించి చెప్పేది ఏమీ మిగలదు. కనుక దాని పక్కనే గంటగంటకూ వచ్చిన మూత్రం లెక్కను చూడాలి.

మొదటి రోజు స్కోరు రోగి ఏ స్థితిలో వచ్చారో తెలియజేస్తుంది. చికిత్సకు శరీరం స్పందిస్తోందో లేదో తెలియాలంటే 48 గంటల తర్వాత మళ్లీ లెక్కగట్టి, రెంటి మధ్య తేడా చూడాలి.

లాక్టేట్: అన్నిటికంటే ఎక్కువ ఉపయోగపడేది, ఎక్కువగా తప్పుదోవ పట్టించేది

ఒక్క రక్తపరీక్షనే ఎంచుకోమంటే నేను లాక్టేట్‌నే ఎంచుకుంటాను. ఫలితం నిమిషాల్లో వస్తుంది, ఎన్నిసార్లైనా చేయవచ్చు, రక్తపోటు ఇంకా బాగానే కనిపిస్తున్న రోగిలో కూడా రాబోయే ప్రమాదాన్ని పట్టిస్తుంది. లీటరుకు 2 మిల్లీమోల్‌లు దాటితే జాగ్రత్త పడాలి. 4 దాటితే మరణముప్పు గణనీయంగా పెరుగుతుంది. కొన్ని లేబొరేటరీలు దీన్ని డెసిలీటరుకు మిల్లీగ్రాముల్లో ఇస్తాయి కాబట్టి యూనిట్ చూడకుండా అంకె చదవకూడదు: మిల్లీమోల్‌ల విలువను 9తో గుణిస్తే మిల్లీగ్రాములు వస్తాయి. అంటే 18 మిల్లీగ్రాములన్నది 2 మిల్లీమోల్‌లకు సమానమే తప్ప ఉత్పాతం కాదు.

నమూనా తీసే పద్ధతి సరిగా లేకపోతే ఫలితం గురించి చర్చించడమే వృథా. సిరంజిలో ఉన్న రక్తకణాలు గ్లూకోజును వాడుకుంటూ లాక్టేట్‌ను తయారుచేస్తూనే ఉంటాయి. కాబట్టి ధమని నమూనాను దాదాపు పావుగంటలోపు యంత్రంలో పెట్టాలి. ఆలస్యమయ్యేట్టయితే ఐసులో ఉంచాలి, లేదా ఫ్లోరైడ్ ఉన్న బూడిదరంగు మూత ట్యూబులో పంపాలి. సిర నుంచి తీస్తే టోర్నికెట్‌ను ఎక్కువసేపు బిగించి ఉంచకూడదు. రింగర్ లాక్టేట్ ఎక్కుతున్న చేతి నుంచి నమూనా తీయకూడదు. ఒకసారి ధమని రక్తం, మరోసారి సిర రక్తం పంపి రెంటినీ పోల్చడం కూడా మంచిది కాదు. మొదట ఏ చోటు నుంచి తీశామో చివరిదాకా అక్కడి నుంచే తీయడం మేలు.

ఇప్పుడు చదివే పద్ధతికి వద్దాం. ఇద్దరు రోగులను ఊహించుకోండి. మొదటివారికి చేరినప్పుడు లాక్టేట్ 5.6, రెండు గంటల తర్వాత 4.3, ఆరు గంటలకు 2.9. రెండోవారికి అవే సమయాల్లో 3.4, 3.6, 3.5, ఈలోగా రక్తపోటు నిలబెట్టే మందు నారడ్రినలిన్ మోతాదు రెండుసార్లు పెంచవలసి వచ్చింది. చేరినప్పటి అంకె మాత్రమే చూస్తే మొదటి రోగి పరిస్థితే విషమంగా కనిపిస్తుంది. కానీ ఆరు గంటల్లో ఆ రోగి లాక్టేట్ 48 శాతం తగ్గింది. రెండో రోగిది కదలలేదు, పైగా మందు మోతాదు పెరుగుతోంది. నేను ఎక్కువసేపు నిలబడేది రెండో మంచం దగ్గరే. తగ్గుదల శాతం లెక్కించడానికి మొదటి విలువలోంచి ఇప్పటి విలువ తీసేసి, వచ్చినదాన్ని మొదటి విలువతో భాగించి, 100తో గుణించాలి. మొదటి విలువ 2 కంటే ఎక్కువ ఉన్నవారికి రెండు నుంచి నాలుగు గంటల్లో మళ్లీ పరీక్ష చేయడం పరిపాటి.

అయితే లాక్టేట్ పెరిగిన ప్రతిసారీ కణజాలానికి ఆక్సిజన్ అందడం లేదని అనుకోకూడదు. అడ్రినలిన్ మొదలుపెట్టిన తర్వాత కండరాల్లో గ్లూకోజు వాడకం వేగం పుంజుకుని లాక్టేట్ పెరగడం మామూలే. చర్మం వెచ్చబడి, మూత్రం రావడం మొదలై, లాక్టేట్ మాత్రం 2.6 నుంచి 4.8కి పెరిగితే, ముందు అడ్రినలిన్ మొదలైన సమయం చూడండి. సాల్బుటమాల్ నెబ్యులైజేషన్, ఫిట్స్, మెట్‌ఫార్మిన్, థయమిన్ లోపం కూడా ఇలాగే పెంచుతాయి. కాలేయం దెబ్బతిన్నవారిలో ఉత్పత్తి మామూలుగానే ఉన్నా తొలగింపు మందగించి, లాక్టేట్ రోజుల తరబడి తగ్గదు. అలాగని, కారణం ఏదైనా సరే, తగ్గని లాక్టేట్‌ను తేలిగ్గా తీసుకోవడమూ సరికాదు. కాలేయం పనిచేయకపోవడం కూడా ముప్పే కదా.

2019లో వెలువడిన ఆండ్రోమెడా-షాక్ అధ్యయనం ఈ విషయంలో గుర్తుంచుకోదగినది. సెప్టిక్ షాక్‌తో ఉన్న 424 మందిలో సగం మందికి లాక్టేట్ తగ్గుదలను బట్టి, మిగతా సగానికి వేలికొన నొక్కి వదిలినప్పుడు రక్తం తిరిగి చేరే సమయాన్ని బట్టి చికిత్స నడిపారు. 28 రోజుల మరణాలు మొదటి వర్గంలో 43.4 శాతం, రెండో వర్గంలో 34.9 శాతం. గణాంకాల పరంగా ఆ తేడా నిశ్చయంగా రుజువు కాలేదు గానీ, ఖర్చులేని ఆ వేలి పరీక్ష లాక్టేట్‌కు తీసిపోదని మాత్రం స్పష్టమైంది. లాక్టేట్ రిపోర్టు చేతికొచ్చినప్పుడల్లా రోగి వేలిని కూడా నొక్కి చూసి, రెండూ ఒకే మాట చెబుతున్నాయో లేదో గమనించాలి.

ప్రొకాల్సిటోనిన్, సీఆర్‌పీ: తగ్గుతున్న వేగం చూడాలి

ప్రొకాల్సిటోనిన్, సీఆర్‌పీ రెండూ ఇన్ఫెక్షన్ ఉన్నప్పుడు రక్తంలో పెరిగే ప్రోటీన్లు. ప్రొకాల్సిటోనిన్ బాక్టీరియా ఇన్ఫెక్షన్ మొదలైన కొన్ని గంటల్లోనే పెరగడం ప్రారంభించి, సుమారు ఒక రోజులో గరిష్ఠానికి చేరుతుంది. ప్రేరణ ఆగిపోతే దాదాపు ప్రతి 24 గంటలకూ సగానికి పడిపోతుంది. సీఆర్‌పీ మందకొడిది: ఇంటర్‌ల్యూకిన్-6 అనే సంకేత ప్రోటీన్ ఆదేశంతో కాలేయం దాన్ని తయారుచేయాలి కాబట్టి గరిష్ఠానికి చేరడానికి రెండు రోజుల వరకూ పడుతుంది. మొదటి రోజు సీఆర్‌పీ తక్కువగా ఉందని ధీమా పడినా, రెండో రోజు పెరిగిందని కంగారు పడినా, రెండూ పొరపాటే. అది ఆ పరీక్ష సహజ గమనం.

మొదటి రోజు ప్రొకాల్సిటోనిన్ ఎంత ఎక్కువ ఉందన్నది బతికే అవకాశం గురించి చెప్పేది తక్కువ. మూత్రనాళ ఇన్ఫెక్షన్‌తో వచ్చి రక్తంలో బాక్టీరియా ఉన్న రోగికి నానోగ్రాముల లెక్కన 80 ఉండి, అడ్డంకిని తొలగించి సరైన యాంటీబయాటిక్ ఇవ్వగానే నాలుగు రోజుల్లో నడిచి వెళ్లిపోవచ్చు. నాలుగో రోజుకు ఎంత తగ్గిందన్నదే అసలు ప్రశ్న. అమెరికాలో పలు ఆసుపత్రుల్లో జరిగి 2017లో ప్రచురితమైన మోసెస్ అధ్యయనంలో, నాలుగో రోజుకు ప్రొకాల్సిటోనిన్ 80 శాతానికి మించి తగ్గనివారిలో 28 రోజుల మరణాలు 20 శాతం, తగ్గినవారిలో 10 శాతంగా తేలాయి. లెక్క సులువే: గరిష్ఠం 42 ఉండి నాలుగో రోజు 7.6కు వస్తే తగ్గుదల సుమారు 82 శాతం. 19 దగ్గరే ఆగితే 55 శాతం మాత్రమే.

ఆ 55 శాతాన్ని చూసి రోగి దక్కరని రాసేయడం కాదు మన పని. ఎక్కడో చీము మిగిలిందా, సెంట్రల్ లైన్ సోకిందా, యాంటీబయాటిక్‌కు లొంగని బాక్టీరియానా, ఫంగస్ చేరిందా అని వెతకమని ఆ అంకె చెబుతోంది. మళ్లీ కల్చర్లు పంపడం, స్కాన్ తీయించడం, సర్జన్‌ను పిలవడం అప్పుడే జరగాలి. నా దృష్టిలో ముప్పును అంచనా వేసే సూచికలకు ఉన్న గొప్ప ఉపయోగం ఇదే. పెద్ద శస్త్రచికిత్స, తీవ్రమైన గాయాలు, కాలిన గాయాలు ఇన్ఫెక్షన్ లేకుండానే ప్రొకాల్సిటోనిన్‌ను పెంచుతాయనీ, మూత్రపిండాలు పనిచేయనివారిలో అది నెమ్మదిగా తగ్గుతుందనీ కూడా గుర్తుంచుకోవాలి. యాంటీబయాటిక్ మొదలుపెట్టాలా వద్దా అన్న నిర్ణయానికి ఈ పరీక్షను ఆధారం చేసుకోవద్దని 2021 అంతర్జాతీయ మార్గదర్శకాలు సూచించాయి. ఎప్పుడు ఆపవచ్చో తేల్చుకోవడానికి మాత్రం వైద్యపరమైన అంచనాతో కలిపి వాడుకోవచ్చు.

రక్తకణాలు, గడ్డకట్టే తీరు

ప్లేట్‌లెట్లు సెప్సిస్ మొదట్లో తగ్గడం తరచుగా కనిపించేదే. కోలుకుంటున్నవారిలో కొద్ది రోజులకు అవి పైకి లేస్తాయి. వారం దగ్గరపడుతున్నా లేవకపోతే, లేదా లేచి మళ్లీ పడిపోతే, అంచనా క్లిష్టమవుతుంది. కానీ రక్తం గడ్డకట్టకుండా ఇచ్చే హెపారిన్ మొదలుపెట్టిన ఐదు నుంచి పది రోజుల మధ్య హఠాత్తుగా పడిపోయాయంటే, సెప్సిస్‌ను నిందించే ముందు హెపారిన్‌నే అనుమానించాలి.

ప్లేట్‌లెట్లతో పాటు ఐఎన్ఆర్‌ను (రక్తం గడ్డకట్టడానికి పట్టే సమయాన్ని తెలిపే కొలత) కలిపి చదివే తేలికైన స్కోరు 2017 నుంచి వాడుకలో ఉంది. ప్లేట్‌లెట్లు లక్ష కంటే తక్కువైతే 2, లక్షకూ లక్షన్నరకూ మధ్య ఉంటే 1, ఐఎన్ఆర్ 1.4 దాటితే 2, 1.2 దాటితే 1. శ్వాస, రక్తప్రసరణ, కాలేయం, మూత్రపిండాల సోఫా పాయింట్ల మొత్తం 2 లేదా ఎక్కువైతే 2, ఒకటైతే 1. మొత్తం 4 లేదా ఎక్కువ వచ్చి, అందులో మొదటి రెండు అంశాలే 2 కంటే ఎక్కువ పాయింట్లు తెస్తే, సెప్సిస్ వల్ల గడ్డకట్టే వ్యవస్థ దెబ్బతిన్నట్టు. రక్తం గడ్డకట్టకుండా వార్ఫరిన్ వేసుకునేవారికి, లివర్ సిరోసిస్ ఉన్నవారికి ఈ లెక్క పనికిరాదు.

తెల్లకణాల మొత్తం సంఖ్య కంటే వాటిలోని లింఫోసైట్ల సంఖ్యను చూడటం ఎక్కువ ఉపయోగకరం. మొదటి రోజు లింఫోసైట్లు తగ్గడం దాదాపు అందరిలోనూ ఉంటుంది. నాలుగో రోజుకు కూడా పెరగనివారిలో రోగనిరోధక శక్తి అణగిపోయి, కొత్త ఇన్ఫెక్షన్లు చేరే అవకాశం, మరణముప్పు రెండూ ఎక్కువ. న్యూట్రోఫిల్ (మరో రకం తెల్లకణం), లింఫోసైట్ల నిష్పత్తి గురించి ఎన్నో అధ్యయనాలు వచ్చాయి గానీ, ఒక్కో అధ్యయనం ఒక్కో హద్దు చెబుతుంది. పైగా హైడ్రోకార్టిసోన్ అనే స్టెరాయిడ్ మొదలుపెడితే ఆ నిష్పత్తి దానంతట అదే పెరుగుతుంది. ఎర్రకణాల పరిమాణంలోని తేడాలను కొలిచే ఆర్‌డీడబ్ల్యూ ఎక్కువ ఉన్నవారిలో మరణాలు ఎక్కువని పలుమార్లు కనబడింది. రక్తం ఎక్కించిన తర్వాత మాత్రం దాన్ని పట్టించుకోవద్దు. ఆల్బుమిన్ విషయం క్లుప్తంగా చెబితే చాలు: అది తక్కువ ఉంటే ముప్పు ఎక్కువే, కానీ రోజురోజుకూ కొలిచి మార్పును చూసేంత చురుకైన సూచిక కాదు.

ఇంటర్‌ల్యూకిన్-6, ప్రెసెప్సిన్, ప్రోఅడ్రినోమెడ్యులిన్, సుపార్, యాంజియోపొయటిన్-2 వంటివీ, మోనోసైట్ల మీద హెచ్ఎల్ఏ-డీఆర్ కొలతా పరిశోధనల్లో ఆశాజనకంగా కనిపించాయి. మీ లేబొరేటరీలో ఇవి దొరికి, ఫలితం గంటల్లో చేతికి వస్తేనే ఆలోచించండి. మూడు రోజుల తర్వాత వచ్చే రిపోర్టు ఐసీయూ నిర్ణయాలకు పనికిరాదు. ఇంటర్‌ల్యూకిన్-6 పనిని అడ్డుకునే టోసిలిజుమాబ్ ఇచ్చిన రోగిలో ఇంటర్‌ల్యూకిన్-6 పెరిగి, సీఆర్‌పీ పడిపోతుంది. ఆ రెండూ అప్పుడు నమ్మదగినవి కావు.

అంకె నుంచి అంచనాకు

ఏ పరీక్షకైనా వచ్చిన ఫలితం అర్థం, ఆ ఐసీయూలో మరణాల స్థాయిని బట్టి మారుతుంది. ఉదాహరణకు, మరణించబోయేవారిలో 80 శాతం మందిని గుర్తించగలిగి, బతికేవారిలో 70 శాతం మందిని సరిగా పక్కన పెట్టగలిగే సూచిక ఒకటి ఉందనుకుందాం. 100 మందిలో 30 మంది మరణించే ఐసీయూలో అది 24 మందిని సరిగా, 21 మందిని తప్పుగా ప్రమాదకరమని చూపిస్తుంది. అంటే ఎర్రజెండా ఎగిరిన 45 మందిలో దాదాపు సగం మంది బతుకుతారు. 100కు 10 మందే మరణించే వార్డులో అదే పరీక్ష 8 మందిని సరిగా, 27 మందిని తప్పుగా చూపిస్తుంది. అక్కడ ఎర్రజెండా ఎగిరినవారిలో నలుగురిలో ముగ్గురు బతికేవారే. కాబట్టి ఒక అధ్యయనం ఇచ్చిన హద్దును మన రోగికి అంటగట్టే ముందు, ఆ అధ్యయనంలో ఎలాంటి రోగులున్నారో, రక్తం ఏ గంటలో తీశారో చూడాలి.

ఇంతకంటే సూక్ష్మమైన ప్రమాదం మరొకటి ఉంది. లాక్టేట్ 9 ఉందని ఆశ వదులుకుని చికిత్స తగ్గిస్తే రోగి మరణిస్తారు. ఆ మరణం, లాక్టేట్ 9 ఉంటే బతకరన్న నమ్మకానికి మరో సాక్ష్యంగా లెక్కలోకి చేరుతుంది. ఏ రక్త సూచికా ఒంటరిగా చికిత్స ఆపడానికి కారణం కాకూడదు. వయసు, అంతకుముందున్న జబ్బులు, జబ్బుపడక ముందు రోగి ఎంత స్వతంత్రంగా తిరగగలిగేవారు, ఇన్ఫెక్షన్ మూలాన్ని తొలగించగలిగామా, రోగి ఇష్టం ఏమిటి అన్నవన్నీ కలిసిన తర్వాతే ఆ చర్చ మొదలవ్వాలి.

కుటుంబసభ్యులు శాతాలు అడుగుతారు. అవి గుంపుకు వర్తించే లెక్కలనీ, ఒక మనిషికి యథాతథంగా అతకవనీ చెప్పి, మార్పును వివరించడం మంచిది: "నిన్నటికంటే లాక్టేట్ తగ్గిందండీ, రక్తపోటు నిలబెట్టే మందు కూడా సగానికి తగ్గించగలిగాం. కిడ్నీలు మాత్రం ఇంకా కోలుకోలేదు. ప్రమాదం పూర్తిగా తప్పలేదు, ఎల్లుండి పరీక్షలు చూసి మళ్లీ మాట్లాడతాను." మళ్లీ ఎప్పుడు మాట్లాడతామో చెప్పడం, చెప్పిన సమయానికి వెళ్లడం రెండూ ముఖ్యమే.

చివరిగా, ఈ అంకెలను వేర్వేరు కాగితాల మీద వదిలేయకుండా ఒకే పట్టికలో రాయండి: సమయం, లాక్టేట్, నారడ్రినలిన్ మోతాదు, మూత్రం, ప్లేట్‌లెట్లు, ఐఎన్ఆర్, బిలిరుబిన్, క్రియాటినిన్, ప్రొకాల్సిటోనిన్, దాని గరిష్ఠం నుంచి తగ్గుదల శాతం. పట్టిక అడుగున ఒక వరుసను సంఘటనల కోసం ఉంచి, అడ్రినలిన్ మొదలుపెట్టిన గంట, స్టెరాయిడ్ మొదటి డోసు, రక్తం లేదా ప్లేట్‌లెట్లు ఎక్కించిన సమయం, డయాలసిస్ నడిచిన గంటలు అందులో నమోదు చేయాలి. ఆ వరుస లేకపోతే, ఎక్కించిన ప్లేట్‌లెట్ల వల్ల పెరిగిన సంఖ్యను, డయాలసిస్ వల్ల తగ్గిన క్రియాటినిన్‌ను రాత్రి డ్యూటీకి వచ్చినవారు కోలుకుంటున్నట్టుగా పొరబడే అవకాశం ఉంది.